చేపల తొట్టెకు ఆర్‌ఓ నీరు: మెంబ్రేన్ మార్చే ముందు చూడవలసినవి

ఒక ఏప్రిల్‌లో గోదావరి కాలువలకు నీరు కట్టేసిన పది రోజులకు మా తొట్టెలో నియాన్ టెట్రాలు నీళ్లు మార్చిన ప్రతిసారీ పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. నీటిలో కరిగిన లవణాలు ఎన్ని పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉన్నాయో చెప్పే టీడీఎస్ మీటరును వంటింటి ఆర్‌ఓ కుళాయి కింద పెడితే 130 చూపించింది. అంతకుముందు నెల అదే కుళాయి దగ్గర 35 ఉండేది. మెకానిక్ వచ్చి, మీటరు చూసి, ఉప్పును ఆపే పలుచటి పొర, అదే మెంబ్రేన్, పోయిందన్నాడు. కొత్తది వేయించాను. మర్నాడు చూస్తే 120. చేపలు మాత్రం అలాగే పైకి వచ్చి రొప్పుతున్నాయి. వారంలో పదకొండు పోయాయి.

ఆ తరువాత ఒక ఆదివారం కూర్చొని ఒక్కొక్క పైపూ విప్పి, ప్రతి చోటా నీళ్లు పట్టి కొలిచాను. పాత మెంబ్రేన్‌లో ఏ లోపమూ లేదని అప్పుడు తేలింది. మీటరు పెరగడానికి కారణం ఒకటి, చేపలు చావడానికి కారణం ఇంకొకటి. రెండూ ఒకే వారంలో రావడంతో రెంటినీ ముడిపెట్టుకున్నాను. డబ్బు పోతే పోయింది, ఆ చేపలు దక్కేవి. మరొకరి తొట్టెలో అలా జరగకూడదని నేను ఆనాటి నుంచి పాటిస్తున్న పద్ధతంతా ఇక్కడ రాస్తున్నాను. దీని సారం ఒక్కటే: ఏ భాగాన్నైనా మార్చే ముందు మూడు నీళ్లు కొలవాలి. యంత్రంలోకి వచ్చే నీరు, మెంబ్రేన్ నుంచి వచ్చే మంచినీరు, బయటకు పోయే వేస్టు నీరు. జబ్బు ఎక్కడుందో ఈ మూడూ కలిసి చెబుతాయి.

గోదావరి డెల్టాలో ఉండేవారికి ఈ కొలత మరీ అవసరం. మన కుళాయిలో ఏడాది పొడుగునా ఒకే నీరు రాదు. ధవళేశ్వరం నుంచి కాలువల్లో నీరు పారినన్నాళ్లు ఒక రకం, వరదల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు మరో రకం, వేసవిలో కాలువలు కట్టేసి చెరువులో నిల్వ చేసిన నీటినో బోరు నీటినో ఇచ్చినప్పుడు ఇంకో రకం. నరసాపురం, మొగల్తూరు, రాజోలు, అంతర్వేది వైపు సముద్రానికి దగ్గరైన కొద్దీ బోర్లలో ఉప్పు తగులుతుంది. యంత్రం చెడిపోయిందని మనం అనుకునే రోజుల్లో చాలాసార్లు మారింది నీరే.

అసలు మీ చేపలకు ఆర్‌ఓ కావాలా?

గోల్డ్‌ఫిష్, గప్పీ, మోలీ పెంచేవారికి అక్కరలేదు. అవి గట్టి నీటిలోనే బాగుంటాయి. కాలువ నీటిలో క్లోరిన్ పోగొట్టి వాడుకుంటే చాలు. డిస్కస్, నియాన్, కార్డినల్ టెట్రాలు, క్యారిడినా జాతి చిన్న రొయ్యలు పెంచేవారికి, ఉప్పు బోరు తప్ప వేరే దారి లేనివారికి ఆర్‌ఓ కావాలి. సముద్రపు చేపల తొట్టె పెట్టుకున్నవారికి ఆర్‌ఓ తరువాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ కూడా ఉండి మీటరు సున్నా చూపించాలి. రంగు మారే రకం రెసిన్ అయితే, అయిపోయే కొద్దీ దాని రంగు మారుతుంది. అది మారిందంటే ఆలోచించకుండా మార్చడమే.

1. ముందు పైపుల దారి తెలుసుకోండి

మన ఇళ్లలో ఉన్న ఆర్‌ఓ యంత్రం తాగే నీటి కోసం తయారైనది. అందులో నీటికి రుచి తెచ్చే ఏర్పాట్లు ఉంటాయి. చేపలకు వాటితోనే తంటా. ప్లగ్ తీసేసి, మూత విప్పి, నీరు వెళ్లే దారిని వేలితో తడుముతూ చూడండి.

మొదట స్పన్ ఫిల్టర్. ఇది మట్టిని ఆపుతుంది. తరువాత కార్బన్, ఇది క్లోరిన్‌ను పట్టేస్తుంది. ఆ పక్కన ఎస్‌వీ అని పిలిచే విద్యుత్ వాల్వు, బూస్టర్ పంపు, ఆపైన మెంబ్రేన్ ఉన్న గొట్టం. ఆ గొట్టానికి ఒక వైపు ఒకే రంధ్రం ఉంటుంది, అటు నుంచి నీరు లోపలికి వెళుతుంది. రెండో వైపు రెండు రంధ్రాలు ఉంటాయి. నడిమధ్య ఉన్నది మంచినీరు, పక్కనున్నది వేస్టు. వేస్టు పైపులో వేలి పొడవు తెల్లటి ముక్క ఒకటి కనిపిస్తుంది. మెకానిక్‌లు ఎఫ్‌ఆర్ అంటారు. మెంబ్రేన్ మీద ఒత్తిడి నిలబెట్టేది అదే. దాని మీద 450 వంటి అంకె ఉంటుంది, నిమిషానికి అన్ని మిల్లీలీటర్ల వేస్టు పోవాలని అర్థం.

మెంబ్రేన్ దాటాక యూవీ దీపం, యూఎఫ్ అనే సన్నని వడపోత, రుచి కోసం ఇంకో కార్బన్, కొన్నింటిలో మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటాయి. చాలా యంత్రాల్లో టీడీఎస్ అడ్జస్టర్ అనే చిన్న మర ఉంటుంది. అది మెంబ్రేన్‌ను తప్పించి కొంత పచ్చి నీటిని మంచినీటిలో కలుపుతుంది. మరీ చప్పగా ఉన్నాయని ఇంట్లోవాళ్లు అంటే మెకానిక్ తిప్పేది ఆ మరనే.

రొయ్యలు, నత్తలు పెంచేవారికి ఒక గట్టి హెచ్చరిక. ఈమధ్య చాలా యంత్రాల్లో కాపర్ కార్ట్రిడ్జ్ పెడుతున్నారు. మనుషులు తాగడానికి పరవాలేని రాగి కూడా చిన్న రొయ్యలకు విషం. తొట్టెకు పట్టే నీరు ఆ కార్ట్రిడ్జ్ గుండా రాకూడదు.

అందుకే నా మాట ఇది. మెంబ్రేన్ గొట్టం నడిమధ్య రంధ్రం నుంచి వచ్చే పావు అంగుళం పైపుకు ఒక టీ (T) జాయింటు తొడిగి, చిన్న వాల్వు పెట్టి, చేపల నీటిని అక్కడి నుంచే విడిగా పట్టుకోండి. అడ్జస్టర్, మినరల్, కాపర్ అన్నీ తప్పిపోతాయి. ఇంట్లోవాళ్ల తాగే నీటి రుచి కూడా మారదు.

2. కావలసిన సామాను

టీడీఎస్ మీటరు, మిల్లీలీటర్ల గీతలున్న జగ్గు, ఫోనులో గడియారం, క్లోరిన్ పరీక్ష చుక్కలు, ఒక నోటు పుస్తకం. వీలైతే పంపు తరువాత బిగించే ప్రెజర్ గేజ్. మీటరు నిజం చెబుతోందో లేదో చూడడానికి బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచండి, సున్నాకు దగ్గరగా చూపించాలి. పై అంకెలు సరిచూడడానికి 342 పీపీఎం ద్రావణం అమ్ముతారు.

మన ప్రాంతంలో ఉన్నవారికి ఇంకో సౌకర్యం ఉంది. భీమవరం, పాలకొల్లు, ఆకివీడు, కైకలూరు వంటి చోట్ల రొయ్యల రైతుల కోసం నీటి పరీక్ష ల్యాబులు ఉన్నాయి. పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా, సాలినిటీ (ఉప్పుదనం) అన్నీ చూస్తారు. చెరువు నీటికి చేసే పరీక్షే కుళాయి నీటికీ పనికొస్తుంది. వాళ్లిచ్చే కాగితంలో ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ పీపీఎంలో ఉంటాయి. ఆ అంకెలను 17.9తో భాగిస్తే అక్వేరియం వాళ్లు చెప్పుకునే డిగ్రీలు వస్తాయి: ఆల్కలినిటీ నుంచి కేహెచ్ (పీహెచ్‌ను నిలబెట్టే బలం), హార్డ్‌నెస్ నుంచి జీహెచ్ (నీటి గట్టితనం).

3. మూడు నీళ్లు కొలవడం

యంత్రం వేసి ఐదు నిమిషాలు నడవనివ్వండి. ఇది తప్పనిసరి. యంత్రం ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్‌కు అటువైపున్న ఉప్పు మెల్లగా ఇటు పాకుతుంది. అందుకే వేసిన వెంటనే వచ్చే నీటిలో టీడీఎస్ ఎక్కువ. ఆ మొదటి గ్లాసు కొలిచి మెంబ్రేన్ పోయిందని అనుకునేవారు చాలామంది. చేపల నీరు పట్టేటప్పుడు కూడా ఈ మొదటి ఐదు నిమిషాల నీటిని వదిలేయండి.

తరువాత వరుసగా:

ఒకటి, యంత్రంలోకి వచ్చే నీటి టీడీఎస్.
రెండు, మెంబ్రేన్ నడిమధ్య రంధ్రం దగ్గర పట్టిన మంచినీటి టీడీఎస్. వంటింటి కుళాయి దగ్గర కాదు.
మూడు, మంచినీరు ఒక నిమిషంలో ఎన్ని మిల్లీలీటర్లు.
నాలుగు, వేస్టు ఒక నిమిషంలో ఎన్ని మిల్లీలీటర్లు, దాని టీడీఎస్ ఎంత.

ఇప్పుడు లెక్క. వచ్చే నీటి అంకెలోంచి మంచినీటి అంకె తీసివేసి, దాన్ని వచ్చే నీటి అంకెతో భాగించి, వందతో గుణించండి. వచ్చే నీరు 400, మంచినీరు 20 అయితే మెంబ్రేన్ ఆపిన ఉప్పు 95 శాతం. మంచి మెంబ్రేన్ 95 చుట్టుపక్కల ఉంటుంది. 90 వరకు పరవాలేదు. 85 కిందికి దిగితే అనుమానించాలి.

మీటరు మీది అంకెను కాక ఈ శాతాన్నే నమ్మండి. మా ఇంటి కథలో నేను చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. కాలువ నీరున్నప్పుడు లోపలికి వచ్చేది 300, మెంబ్రేన్ దగ్గర 18. అంటే 94 శాతం. కాలువలు కట్టేశాక బోరు నీరు కలిసి, వచ్చేది 1100 అయింది. అదే 94 శాతానికి మెంబ్రేన్ దగ్గర 66 వస్తుంది. పైగా అడ్జస్టర్ మర కొంచెం తెరిచి ఉంది, నూటికి ఆరు పాళ్లు పచ్చి నీరు కలుస్తోంది. 300 నీటిలో ఆరు పాళ్లు కలిస్తే కుళాయి దగ్గర 35. 1100 నీటిలో అదే ఆరు పాళ్లు కలిస్తే దాదాపు 130. మెంబ్రేన్ పనితనం వెంట్రుక వాసి కూడా తగ్గలేదు. లోపలికి వచ్చే నీటిని ఎవరమూ కొలవలేదు, అంతే.

జీపీడీ లెక్క కూడా తెలుసుకోండి. 75 జీపీడీ మెంబ్రేన్ అంటే రోజంతా నడిస్తే 75 గ్యాలన్లు, అంటే సుమారు 284 లీటర్లు. గంటకు 12 లీటర్లకు కాస్త తక్కువ, నిమిషానికి 200 మిల్లీలీటర్లకు దగ్గర. ఇది 25 డిగ్రీల నీటికి, 50–60 పీఎస్‌ఐ ఒత్తిడికి చెప్పిన అంకె. నీరు ఒక్కో డిగ్రీ చల్లబడే కొద్దీ సుమారు 3 శాతం తగ్గుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున నీరు సన్నగా వస్తోందని మెకానిక్‌ను పిలవనక్కరలేదు.

4. టీడీఎస్ పెరిగింది: ఎవరు దోషి?

శాతం బాగానే ఉంటే దోషి వచ్చే నీరు. యంత్రాన్ని ముట్టుకోవద్దు.

మెంబ్రేన్ దగ్గర తక్కువగా, కుళాయి దగ్గర ఎక్కువగా ఉంటే అడ్జస్టర్ లేదా మినరల్ కార్ట్రిడ్జ్. మర మూసి మళ్లీ కొలవండి.

మెంబ్రేన్ దగ్గరే ఎక్కువగా ఉంటే ముందు ఒత్తిడి చూడండి. నీటిని మెంబ్రేన్ గుండా తోయాలంటే ఉప్పు ఎదురు తోసే బలాన్ని దాటాలి. సుమారుగా ప్రతి 100 పీపీఎంకు 1 పీఎస్‌ఐ. మొగల్తూరు వైపు 2000 పీపీఎం బోరు నీటికి 20 పీఎస్‌ఐ దానికే ఖర్చవుతుంది. గేజ్‌లో 40 ఉంటే మిగిలింది 20. నీరు తక్కువగా వస్తుంది, వచ్చిన ఆ కాస్తలో ఉప్పు పాలు పెరుగుతుంది. అంటే పంపు బలహీనమైతే మెంబ్రేన్ చెడినట్టు కనిపిస్తుంది.

ఒత్తిడి కూడా బాగుండి, మెంబ్రేన్ కొత్తదై ఉండి, టీడీఎస్ ఎక్కువగా వస్తే అది బిగింపులో తప్పు. మెంబ్రేన్ మొనకు రెండు సన్నటి ఓ-రింగులుంటాయి. అవి గొట్టం చివరి గుంటలో పూర్తిగా దిగాలి. బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒకచోట ఆగినట్టు ఆగి, తరువాత చిన్నగా జారి లోపల కూర్చుంటుంది. ఆ రెండో జారుడు తెలియకపోతే అది కూర్చోలేదన్నమాట. రింగు మడత పడితే వేస్టు వైపు నీరు మంచినీటిలోకి దారి చేసుకుంటుంది. రింగులకు మంచినీటి తడి చాలు. జారుడు కోసం కొబ్బరి నూనె, పెట్రోలియం జెల్లీ రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉండి శాతం 85 కిందే ఉంటే అప్పుడు మెంబ్రేన్ పోయినట్టే. పోవడానికి ముఖ్య కారణం క్లోరిన్. పలుచటి ఆ పొరను క్లోరిన్ తినేస్తుంది, తిన్నది తిరిగి రాదు. కాబట్టి కార్బన్ మార్చకుండా మెంబ్రేన్ మాత్రం మార్చితే కొత్తదాన్ని కూడా అదే మంటలోకి పంపినట్టు. కొత్త మెంబ్రేన్‌లో నిల్వ కోసం పెట్టిన రసాయనం ఉంటుంది. మొదటి గంట నీటిని పారబోయండి, తొట్టెలోకి ఒక్క చుక్క వద్దు.

5. నీరు సన్నబడింది

మన దగ్గర దీనికి మొదటి కారణం స్పన్ ఫిల్టర్. ఆగస్టులో గోదావరి ఎర్రగా పారుతున్నప్పుడు ఒకసారి బౌల్ విప్పి చూడండి. వేసేటప్పుడు పాలలా తెల్లగా ఉన్న స్పన్ ఒండ్రు మట్టి రంగు తేలి, చేత్తో పట్టుకుంటే జారిపోతుంది. పొరల్లో గోరు పెట్టి గీస్తే మెత్తటి ఒండ్రు గోటికింద చేరుతుంది. పొలాలకు బంగారమైన ఆ ఒండ్రు ఇక్కడ నీటి దారి మూసేస్తుంది. వరద నెలల్లో దీన్ని నెలకోసారి మార్చడానికి వెనుకాడకండి. సామానులో చవకైనది ఇదే, ఖరీదైనవాటిని కాపాడేది కూడా ఇదే. కడిగి మళ్లీ వాడితే పైమట్టి పోతుంది, లోపలిది పోదు.

ఫిల్టర్ దోషమా, మెంబ్రేన్ దోషమా అని తేల్చడానికి తేలిక దారి ఉంది. యంత్రం ఆపి, కార్బన్ తరువాతి పైపు ఊడదీసి, బకెట్‌లో పెట్టి కుళాయి తిప్పండి. ధార నిండుగా వస్తే ఫిల్టర్లు బాగున్నాయి. సన్నగా వస్తే స్పన్ తీసి మళ్లీ చూడండి, అప్పుడు పెరిగితే దోషి దొరికినట్టే.

పై అంతస్తులో ఉన్నవారికి ఇంకో చిక్కు. పది మీటర్ల ఎత్తుకు సుమారు 14 పీఎస్‌ఐ ఒత్తిడి వస్తుంది. నెత్తిమీదే ట్యాంకు ఉండి, కుళాయికీ దానికీ రెండు మీటర్ల తేడా ఉంటే మూడు పీఎస్‌ఐ కూడా దక్కదు. లోపలి లో ప్రెజర్ స్విచ్ నీరు లేదనుకొని పంపును ఆపేస్తుంది. యంత్రం ఆగుతూ, నడుస్తూ, మళ్లీ ఆగుతూ ఉంటే ఇదే.

పంపు నడుస్తున్న చప్పుడు ఉండి ఒక్క చుక్క రాకపోతే ఎస్‌వీ తెరుచుకోవడం లేదు. ప్లగ్ తీసి దాని అటూ ఇటూ పైపులు చూడండి. పంపు అసలు తిరగకపోతే అడాప్టర్‌ను అనుమానించండి. వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు ముందు పోయేది అది. కరెంటు భాగాలు మార్చడం మాత్రం తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి. తడి చేతులతో ఆ పని వద్దు.

ఫిల్టర్లు, ఒత్తిడి, పంపు అన్నీ బాగుండి మంచినీరు సగానికి పడిపోతే, శాతం మాత్రం బాగానే ఉంటే, మెంబ్రేన్ మీద పెచ్చు కట్టింది. బోరు నీటి ఊళ్లలో ఇది సహజం. టీ పెడితే డికాషన్ నల్లబడే నీరు, బకెట్‌లో ఉంచితే గోధుమ రంగు తేలే నీరు అయితే ఇనుము కూడా ఉంది. అటువంటి చోట ఇనుము పట్టే ఫిల్టర్ ముందు పెట్టకపోతే ఏ మెంబ్రేనూ నిలవదు. సున్నపు పెచ్చుకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కొంత పనిచేస్తుంది. లీటరు ఆర్‌ఓ నీటిలో 20 గ్రాములు కలిపి, మెంబ్రేన్‌ను గంటసేపు నానబెట్టి, తిరిగి బిగించి గంటసేపు నీటిని పారబోయాలి. పాతబడి బిగుసుకున్న పెచ్చుకు ఇది పనిచేయదని ముందే చెబుతున్నాను. బ్లీచింగ్ పౌడర్ ఉన్న చోట నిమ్మ ఉప్పు నీళ్లు కలపకండి, విషవాయువు వస్తుంది.

6. వేస్టు నీటి కథ

వేస్టు ఎక్కువ పోతోందని చాలామంది బాధపడతారు. ఆ బాధ న్యాయమైనదే. కానీ దాన్ని తగ్గించడానికి పైపు మడిచి దారం కట్టేవారిని, చిన్న కుళాయి పెట్టి బిగించేవారిని చూశాను. లెక్క చూస్తే అది ఎందుకు కూడదో అర్థమవుతుంది. 400 పీపీఎం నీరు వస్తోంది, మంచినీరు నిమిషానికి 200, వేస్టు 450 మిల్లీలీటర్లు పోతోందనుకుందాం. వేస్టు టీడీఎస్ 570 దగ్గర ఉంటుంది. పైపు బిగించి వేస్టును 100కు తగ్గిస్తే వచ్చే ఉప్పంతా ఆ కొద్ది నీటిలో చేరి 1160 అవుతుంది. వచ్చే నీటికి దాదాపు మూడింతలు. ఆ చిక్కటి నీరు మెంబ్రేన్ పొరల మధ్యే సున్నాన్ని వదిలేస్తుంది.

ఎఫ్‌ఆర్ తనంతట తాను మూసుకుపోయినా జరిగేది ఇదే, కాకపోతే మనకు కనిపించదు. వేస్టు మంచినీటి కంటే తక్కువగా వస్తుంటే ఎఫ్‌ఆర్ మార్చండి, అదే అంకె ఉన్నది. వేస్టు రాసిన అంకె కంటే చాలా ఎక్కువగా పోతూ మంచినీరు తగ్గితే ఎఫ్‌ఆర్ అరిగింది, లేదా తప్పు అంకెది వేశారు.

ట్యాంకు నిండి యంత్రం ఆగాక కూడా వేస్టు కారుతుంటే ఎస్‌వీ పూర్తిగా మూసుకోవడం లేదు. లోపల ఇసుక రేణువు చిక్కినా చాలు. రాత్రంతా కారితే ఎంత పోతుందో మర్నాడు బకెట్ చూస్తే తెలుస్తుంది.

ఈ నీటిని వాకిలి కడగడానికి, బట్టలకు వాడండి. కాలువ నీటి నుంచి వచ్చిన వేస్టు అయితే మొక్కలకూ పోయవచ్చు. ఉప్పు బోరు నుంచి వచ్చినదైతే కొబ్బరి చెట్టు కొంత ఓర్చుకుంటుంది, కరివేపాకు ఓర్చుకోదు.

7. మీటరు బాగుంది, చేపలు బాగాలేవు

అన్నింటికంటే నెమ్మదిగా చదవవలసిన భాగం ఇది. టీడీఎస్ మీటరు నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి అంకె చెబుతుంది, అంతకు మించి దానికి తెలియదు. క్లోరిన్, అమ్మోనియా, ఆక్సిజన్, రాగి ఎంతున్నాయో అది విడదీసి చెప్పలేదు.

మా టెట్రాలను చంపింది క్లోరిన్. కాలువలు కట్టేశాక చెరువు నీటిలో పాచి పెరుగుతుందని బ్లీచింగ్ ఎక్కువ వేస్తారు. మనుషుల ఆరోగ్యానికి అది అవసరం. కుళాయి చివర కనీసం 0.2 పీపీఎం క్లోరిన్ మిగలాలన్నది తాగునీటి ప్రమాణమే. మెంబ్రేన్ దాన్ని పూర్తిగా ఆపదు, ఆపవలసింది కార్బన్. మా యంత్రంలో కార్బన్ మార్చి ఏడాదిన్నర దాటింది.

దీన్ని పట్టుకునే ఉపాయం వేస్టు పైపులో ఉంది. పంచాయతీ సిబ్బంది క్లోరోస్కోపులో వాడే చుక్కల మందు వంటిదే అక్వేరియం దుకాణాల్లో దొరుకుతుంది. ఆ ఆదివారం వేస్టు పైపు చివర చిన్న గాజు గ్లాసు పట్టి, సగం నింపి, తెల్ల కాగితం మీద పెట్టి, చుక్కలు వేశాను. మొదట ఏమీ లేదు. గ్లాసును కాస్త తిప్పగానే అడుగు నుంచి లేత నిమ్మపండు రంగు పైకి పాకింది. వేస్టు నీరు కార్బన్ దాటి వచ్చినదే కదా, దానిలో క్లోరిన్ ఉందంటే కార్బన్ పని అయిపోయిందని అర్థం. పసుపు ఏ మాత్రం కనిపించినా ఆ రోజే కార్బన్ మార్చాలి. పరీక్ష చేసిన నీటిని సింకులో పారబోయండి, ఆ మందు మంచిది కాదు.

కార్బన్ వచ్చేలోగా చేపలకు నీరు మార్చక తప్పకపోతే సోడియం థయోసల్ఫేట్, మన వాళ్లు హైపో అంటారు, డబ్బా మీద చెప్పిన మోతాదులో వేయండి. రొయ్యల మందుల దుకాణాల్లో అడిగితే ఇస్తారు.

క్లోరిన్ లేకపోయినా చేపలు నీరసిస్తే కేహెచ్ చూడండి. ఒట్టి ఆర్‌ఓ నీటికి పీహెచ్‌ను నిలబెట్టే బలం ఉండదు. తొట్టెలోని వ్యర్థాలు కుళ్లి ఆమ్లం తయారవుతుంటే పీహెచ్ ఒక్క రాత్రిలో జారిపోవచ్చు. ఆర్‌ఓ నీటిని ఎప్పుడూ ఒట్టిగా పోయకండి. 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. జీహెచ్‌కు అక్వేరియం ఖనిజ లవణాలు వాడండి. కేహెచ్ దాదాపు సున్నా దగ్గరే కావలసిన క్యారిడినా రొయ్యలకు వంటసోడా వేయకూడదు, వాటికి జీహెచ్ లవణం ఒక్కటే.

మంచి కాలువ నీరున్న రోజుల్లో లవణాలు కొననక్కరలేదు. కుళాయి నీరు 400, ఆర్‌ఓ 20, మీకు 115 కావాలంటే నాలుగింట ఒక వంతు కుళాయి నీరు కలపండి. క్లోరిన్ తీసేసిన తరువాతే సుమా. అయితే ఉప్పు బోరు నీటితో ఈ పని చేయకండి. దాని టీడీఎస్‌లో పెద్ద వాటా మామూలు ఉప్పుదే. అంకె 115కు చేరుతుంది, చేపకు కావలసిన కాల్షియం మాత్రం చాలినంత ఉండకపోవచ్చు.

అప్పుడే పట్టిన ఆర్‌ఓ నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉండవచ్చు, కరిగిన కార్బన్ డయాక్సైడ్ మాత్రం మెంబ్రేన్ దాటి వచ్చేస్తుంది. డ్రమ్ములో పట్టి, దోమలు చేరకుండా మూత వేసి, ఒక రాత్రి ఎయిర్ పంపు పెట్టండి. ఉదయానికి వేడి కూడా తొట్టెతో సమానమవుతుంది. మే నెలలో ఇది మరీ ముఖ్యం. మిద్దె మీది నల్ల ట్యాంకు నీరు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాగుతుంది. మెంబ్రేన్‌కు 45 డిగ్రీలే హద్దు. ఎండాకాలంలో యంత్రాన్ని తెల్లవారుజామున వేసుకోండి.

8. కాలువలతో పాటు నడిచే పని

నోటు పుస్తకంలో నెలకోసారి తేదీ వేసి ఐదు అంకెలు రాయండి: వచ్చే నీరు, మంచినీరు, శాతం, నిమిషానికి మంచినీరు, నిమిషానికి వేస్టు. కార్ట్రిడ్జ్ మార్చిన రోజున దాని మీదే స్కెచ్ పెన్‌తో తేదీ రాయండి. నేను మూడు సందర్భాల్లో మాత్రం నెల కోసం ఎదురుచూడను. కాలువలు కట్టేసిన వారం వచ్చే నీటి టీడీఎస్, వేస్టులో క్లోరిన్ చూస్తాను. జూన్‌లో కాలువలు వదిలాక కొత్త నీరు వచ్చిన మూడో రోజున మళ్లీ చూస్తాను. ఎర్రనీరు మొదలవగానే స్పన్ విప్పుతాను. ఊరు వెళ్లి వారం తరువాత వస్తే యంత్రాన్ని అరగంట నడిపి, ఆ నీరంతా పారబోసి, అప్పుడే తొట్టె డ్రమ్ముకు పైపు తగిలిస్తాను.